చట్టం మన చేతుల్లో – 4వ పాఠం: ఆ నలభై ఎక్కడుంది?

కిందటి పాఠంలో సదరం క్యాంపు దాకా, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే చోటు దాకా వచ్చాం. స్లాట్ ఎలా తీసుకోవాలో, డాక్టరు ముందు ఏ కాగితాలు పెట్టాలో చూశాం. ఈ పాఠానికి రెండే కావాలి: ఒక పెన్సిల్, దివ్యాంగుల హక్కుల చట్టం 2016 కాపీ. చట్టం ఇంగ్లీషులో ఉందని భయపడకండి. ఈరోజు చదివేది నాలుగు సెక్షన్లే: 2, 16, 17, 31. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లోనో పక్కింట్లోనో ఇంటర్ చదివే పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. నేను మా చెల్లెలి కూతురి చేత చదివించుకున్నాను.

మొన్న నరసన్నపేట నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల బాబుకు రెండు చెవులూ కాస్త తక్కువ వినిపిస్తాయి. సదరంలో 25 శాతం వేశారు. "నలభై రాలేదక్కా. ఇంక బడిలో ఏటీ అడగడానికి లేదంటన్నారు" అని ఏడ్చింది.

ఆ మాట నేనూ విన్నాను. మా పాపకు పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడుకు కాస్త దెబ్బ తగిలింది. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. నడక బాగానే ఉంది గానీ రెండు చేతుల వేళ్లలోనూ పట్టు తక్కువ, రాత నెమ్మది. సర్టిఫికెట్‌లో 30 శాతం. మేముండేది చీపురుపల్లి దగ్గర. తను చదివే బడికి వెళ్లి, పరీక్షలో కొంచెం ఎక్కువ టైమ్ ఇవ్వండని అడిగితే, "నలభై ఉంటేనే అమ్మా, రూల్ ఒప్పుకోదు" అన్నారు. ఏ రూలో నేను అడగలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను. రెండేళ్లు మా పాప ఆ లేని రూల్ కిందే పరీక్షలు రాసింది. అలాంటి రూల్ చట్టంలో లేదని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన ఊళ్లలో నలభై అనగానే అందరికీ పింఛను గుర్తొస్తుంది. పింఛనుకు 40 శాతం కావాలి, నిజమే. ఆ లెక్కనే జనం బడికి కూడా అంటించేశారు. ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లలోనూ చాలామంది అలాగే అనుకుంటున్నారు. అందుకే ఎవరో చెప్పిన మాటతో సరిపెట్టుకోకుండా చట్టాన్ని మన కళ్లతో మనం చదవాలి.

పెన్సిల్ తీసుకుని సెక్షన్ 2కి రండి. అందులో (ఎస్) చూడండి. వైకల్యం ఉన్న వ్యక్తి అంటే ఎవరో అక్కడ చెప్పారు: శరీరంలోగానీ మనసులోగానీ మేధలోగానీ, చూపు, వినికిడి లాంటి ఇంద్రియాల్లోగానీ చాలాకాలం ఉండే లోపం ఉండి, చుట్టూ ఉన్న అడ్డంకుల వల్ల అందరితో సమానంగా పాలుపంచుకోలేకపోతున్న మనిషి. ఇందులో అంకె ఎక్కడైనా ఉందా? రెండుసార్లు వెతకండి. లేదు. ఇప్పుడు దానికి పైనున్న (ఆర్) చూడండి. 40 శాతం అన్న మాట అక్కడుంది. 40 గానీ అంతకు పైన గానీ ఉన్నవారికి చట్టం వేరే పేరు పెట్టింది, బెంచ్‌మార్క్ డిజెబిలిటీ అని. "బెంచ్‌మార్క్" అనే మాట కింద గీత గీయండి.

ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని ఇదే. ఏ సెక్షన్ చదివినా, ముందు మనకు కావలసిన అంశం చెప్పిన చోట బెంచ్‌మార్క్ అనే మాట ఉందా అని వెతకాలి. ఉంటే అక్కడ 40 కావాలి. లేకపోతే అక్కర్లేదు.

సెక్షన్ 31లో వెతకండి, ఉంది. 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గర్లోని బడిలోగానీ, తాము కోరుకున్న ప్రత్యేక బడిలోగానీ ఉచిత విద్య ఆ సెక్షన్ ఇచ్చే హక్కు. దానికి 40 ఉండాలి. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీ సీట్లలో కనీసం 5 శాతం రిజర్వేషన్ ఇచ్చే 32లోనూ ఆ మాట ఉంది.

ఇప్పుడు 16 తెరవండి. పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, బడి భవనం వాళ్లు తిరగగలిగేలా ఉండాలి, ఒక్కో బిడ్డ అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలి. ఇంకా ఉన్నాయి, నెమ్మదిగా చదువుకోండి. ఎక్కడా బెంచ్‌మార్క్ లేదు. 17లో (ఐ) చూడండి, పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో భాష, మూడో భాష నుంచి మినహాయింపు. అక్కడా లేదు. 17లోనే ఉచిత పుస్తకాలు, పరికరాల గురించి చెప్పే (జి)లో, స్కాలర్‌షిప్పుల గురించి చెప్పే (హెచ్)లో మాత్రం ఆ మాట ఉంది. నా చేత రెండేళ్లు నోరు మూయించిన నలభై, సర్దుబాట్ల గురించీ పరీక్షల గురించీ చెప్పిన చోట ఎక్కడా కనపడలేదు.

16 మొదటి వాక్యంలో ఇంకో మాట ఉంది, దాన్నీ గీయండి: ప్రభుత్వం డబ్బిచ్చే బళ్లు "లేదా గుర్తింపు ఇచ్చిన" బళ్లు. మాది ప్రైవేటు, మాకు ఇవేవీ వర్తించవు అని ఎవరైనా అంటే గుర్తింపు ఉందా అని అడగండి చాలు. అదే వాక్యంలో ప్రభుత్వం "ప్రయత్నించాలి" అనే మెత్తని మాట కూడా ఉంది, దాచను. కానీ 2(హెచ్) చూస్తే సర్దుబాటు చేయకపోవడమూ వివక్షే అని రాసి ఉంది. ఆ రెండూ కలిపి చదవాలి. సర్దుబాటు అంటే ఏమిటో 2(వై)లో ఉంది: మిగతావారితో సమానంగా హక్కు వాడుకోవడానికి అవసరమైన మార్పు, అవతలివారికి మోయలేని భారం కాకూడదు. పరీక్షలో ఇరవై నిమిషాలు ఎవరికి మోయలేని భారం?

ఇది నా సొంత అర్థం కాదు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆయన సివిల్స్ పరీక్షకు కూర్చునే అభ్యర్థి. రాయబోతే చెయ్యి బిగుసుకుపోయే జబ్బు, డాక్టర్లు వేసింది 6 శాతం. బెంచ్‌మార్క్ లేదు కాబట్టి రాసిపెట్టే మనిషిని ఇవ్వం అనడం కుదరదని కోర్టు తేల్చింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం, 40 లోపు ఉండి రాయడం కష్టమైనవారి కోసం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఉండేది, రాయడం కష్టమని డాక్టర్ల బృందం సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉండేది. 2025లో వాటి స్థానంలో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి.

ఇక అర్జీ. నా మొదటి అర్జీ ఇలా ఉండేది: "మా పాపకు చేతులు బాగోవు. తమరు దయతలచి పరీక్షలో కొంచెం సాయం చేయగలరని ప్రార్థన." చదివినవాళ్లు అయ్యో పాపం అన్నారు, పక్కన పెట్టారు. తప్పు ఎక్కడుందో నాకు చాలా రోజులకు అర్థమైంది. ఎంత సాయం, ఎందుకు, ఎప్పటినుంచి, ఏదీ అందులో లేదు. దయ అడిగితే దయ కలిగినప్పుడే ఇస్తారు.

ఒక ఆదివారం వరండాలో చాప వేసి, పాపనూ పక్కింటి పిల్లనూ కూర్చోబెట్టి, తెలుగు వాచకంలో ఒకే పేజీ ఇచ్చి చూసి రాయమన్నాను. ఎదురుగా గోడగడియారం పెట్టాను. పావుగంటకు పక్కింటి పిల్ల పదకొండు లైన్లు రాసింది. మా పాప ఆరు. ఆరో లైను సగంలో పెన్ను కింద పెట్టి బొటనవేలు ఒత్తుకుంది, మళ్లీ పట్టుకునేసరికి అక్షరాలు లైను దాటి కిందికి జారిపోయాయి. పాఠం రాక కాదు, వేళ్లు సాగక. ఆ రెండు కాగితాలూ అర్జీకి జతచేశాను. రెండో అర్జీలో మధ్య పేరా ఇది:

"నా కుమార్తెకు సెరిబ్రల్ పాల్సీ వల్ల రెండు చేతుల వేళ్లలో పట్టు తక్కువ. తోటి విద్యార్థి పావుగంటలో 11 లైన్లు రాస్తే తను 6 రాస్తోంది, కాగితాలు జతపరిచాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 సెక్షన్ 16, 17 ప్రకారం వచ్చే యూనిట్ టెస్టు నుంచి గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. వీలుకాదంటే కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

చివరి వాక్యం వదిలేయకండి. నోటితో కాదనడం తేలిక. కారణం రాసి సంతకం పెట్టాలంటే ఎవరైనా ఒకసారి పుస్తకం తీసి చూసుకుంటారు. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద "అందినది" అని తేదీతో సంతకం పెట్టించుకోండి. నేను ఇచ్చినప్పుడు హెడ్‌మాస్టరు గారు చట్టం పేజీ జిరాక్స్ అడిగి తీసుకున్నారు. తర్వాతి టెస్టులో పాపకు విడిగా బెంచీ వేసి టైమ్ ఇచ్చారు. తను మొదటిసారి చివరి ప్రశ్న దాకా వెళ్లింది.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పబ్లిక్ పరీక్షకు బడి సొంతంగా టైమ్ ఇవ్వలేదు, హెడ్‌మాస్టరు ద్వారా పరీక్షల విభాగం అనుమతి రావాలి. డాక్టరు కాగితాల పని జూన్‌లోనే మొదలుపెట్టండి, ఫిబ్రవరిలో టెన్షన్ పడి ప్రయోజనం లేదు.

నరసన్నపేట అమ్మాయి, నేను కలిసి ఫోన్లోనే అర్జీ రాసుకున్నాం. అందులో అడిగినవి ఇవి. బాబును ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, మాస్టారు బోర్డు వైపు తిరిగి మాట్లాడకుండా పిల్లల వైపు తిరిగి చెప్పాలి, డిక్టేషన్ పదాలు బోర్డు మీద రాయాలి. పైసా ఖర్చు లేని మూడు సర్దుబాట్లు.

ఈ వారం మీ పని. 16, 17, 31 సెక్షన్లలో బెంచ్‌మార్క్ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి మార్జిన్‌లో రాయండి. తర్వాత మీ బిడ్డకు బడిలో ఏది కష్టంగా ఉందో ఒక్కటి ఎంచుకుని కొలవండి: ఎన్ని లైన్లు, ఎన్ని మెట్లు, ఎంత దూరం నుంచి బోర్డు కనపడుతోంది. ఆ అంకెతో మధ్య పేరా ఒక్కటే రాసి ఉంచండి. అర్జీ ఇచ్చి పదిహేను రోజులైనా జవాబు రాకపోతే ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు, సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్, ఏ వరుసలో వెళ్లాలో 5వ పాఠంలో చూద్దాం. అప్పటికి ఆ సంతకం పెట్టిన కాపీ మీ దగ్గర ఉండాలి.