గోడ కింద నుంచి చెమ్మ ఎక్కుతుంటే

మా వెనక గది గోడకి రెండుసార్లు రంగు వేయించాను. రెండుసార్లూ ఆర్నెల్లు తిరక్కుండానే పెచ్చులు లేచాయి. అందుకే ముందే చెబుతున్నా, చెమ్మ మీద రంగు వేయకండి.

మొదట అది ఎక్కడి నీరో తేల్చుకోండి. పైపు లీకైతే మరక ఒకచోటే ఉంటుంది. నేల నుంచి ఎక్కేదైతే గోడ పొడవునా, సాధారణంగా మీటరు ఎత్తులోపు, అంచున తెల్లటి ఉప్పుతో కనిపిస్తుంది. బయట మట్టి గది నేల కంటే ఎత్తుగా ఉందేమో చూడండి. మా ఇంట్లో అసలు దోషం అదే. ఆ బయటి మట్టిని గది నేలకి 15 సెంటీమీటర్లు కిందికి తవ్వించాకే గోడ తేరుకోవడం మొదలైంది.

మరక పైన 30 సెంటీమీటర్ల దాకా పాత ప్లాస్టరింగ్ కొట్టేయండి. ఉప్పు దాగేది అందులోనే, కాబట్టి మొహమాటపడకండి. ఇటుకల మధ్య కింది అతుకులో 12 సెంటీమీటర్లకో రంధ్రం, దాదాపు గోడ అవతలి ముఖం దాకా వేసి, దుమ్ము తీసి, సిలేన్ క్రీము (గోడలోకి ఇంకి నీటిని పైకి ఎక్కనివ్వని మందు) నింపండి.

తర్వాత ఆరనివ్వాలి. 2.5 సెంటీమీటర్ల మందానికి సుమారు నెల. తొమ్మిది అంగుళాల గోడైతే తొమ్మిది నెలలు. కష్టమే, కానీ ఈలోపు ఫర్నిచర్ గోడకి ఆనించకండి, కిటికీలు తీసి ఉంచండి. చివర్లో సున్నంతో ప్లాస్టరింగే చేయించండి, అది గోడని ఊపిరి తీసుకోనిస్తుంది.