గ్రేట్ డేన్ కుక్కపిల్లను డాగ్ షో రింగుకు సిద్ధం చేయడం – 5వ పాఠం: నిలబెట్టడం

ఈ వారం నిలబెట్టడం నేర్పాలి. జడ్జి ముందు కుక్క నాలుగు కాళ్లూ సరిగ్గా మోపి కదలకుండా నిలవాలి. షోలకు తిరిగేవాళ్లు దీన్నే స్టాక్ అంటారు. దానికన్నా ముందు స్కూటర్ సంగతి తేలాలి.

పోయిన పాఠంలో "రోజూ కాసేపు ట్రాట్ చేయించండి" అని రాసి వదిలేశాను. ట్రాట్ అంటే నడకకూ పరుగుకూ మధ్య ఉండే తేలిక పరుగు. ఏ వయసులో, ఎంతసేపు అన్నది రాయలేదు. తప్పు నాదే. మీలో ముగ్గురు ఆరు నెలల గ్రేట్ డేన్ పిల్లలను స్కూటర్ పక్కన పట్టుకుని తారురోడ్డు మీద పరిగెత్తించారు. "మూడు కిలోమీటర్లు ఆగకుండా వచ్చింది సార్" అంటూ ఒకాయన సంబరంగా వీడియో పంపారు. నాలుగో రోజు అదే పిల్ల ముందుకాలు ఎత్తిపట్టి కుంటుతున్న వీడియో వచ్చింది.

పుట్టినప్పుడు అర కిలో పైచిలుకు ఉండే డేన్, ఏడాది తిరిగేసరికి సుమారు 50 కిలోలకు చేరుతుంది. ఆ పెరుగుదలంతా ఎముకల చివర ఉండే మెత్తటి పొరలో జరుగుతుంది. అది పూర్తిగా గట్టిపడటానికి ఏడాదిన్నర దాకా పట్టొచ్చు. అప్పటిదాకా స్కూటర్ వద్దు, సైకిల్ వద్దు, మెట్ల మీద ఉరుకులు వద్దు. మట్టిలో దాని ఇష్టానికి ఆడుకోనివ్వండి. పడుకుంటే లేపకండి. పిల్లకు ట్రాట్ అంటే ఒక ముప్పై అడుగులు వెళ్లి రావడం, రెండు మూడు సార్లు. ఎండాకాలం అదీ పొద్దున్నే.

కుంటే పిల్లను డాక్టరుకు చూపించండి, ఎక్స్‌రే తీయమంటే తీయించండి. చూపించడానికి ముందు మీరు చేసిన పని కూడా నాకు తెలిసింది. కాల్షియం సీసా తెచ్చారు.

ఈ సీసా గురించి నాకు చాలా కోపం ఉంది, కాస్త ఓపిక పట్టండి. నా మొదటి డేన్‌కు ముందుకాలి మణికట్ల దగ్గర బుడిపెల్లా లేచాయి. "ఎముకలు వీక్ అండీ, ఇది పొయ్యండి" అని మందుల షాపులో ఓ సీసా చేతిలో పెట్టారు. రోజుకు రెండు మూతలు పోశాను. నిజానికి ఆ వయసులో డేన్ పిల్ల మణికట్లు లావుగానే కనపడతాయి, ఎముక పెరిగే చోటు అదే కాబట్టి. లేని జబ్బుకు మందు పోశానన్నమాట. ఎనిమిదో నెలకు దాని పాదాలు బయటికి తిరిగాయి. దానితో నేను ఏ షోకూ వెళ్లలేదు.

పెద్ద కుక్క పేగు తనకు కావలసినంత కాల్షియం తీసుకుని మిగతాది వదిలేస్తుంది. చిన్న పిల్ల పేగుకు, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో, ఆ తెలివి ఉండదు. ఎంత పోస్తే అంతలో చాలా భాగం ఒంట్లోకి పోతుంది. దాంతో కీళ్ల దగ్గరి మెత్తటి పొర సరిగ్గా ఎముకగా మారదు, కాళ్లు వంకర పోతాయి. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1980లలో దీన్ని పరీక్షించారు. అక్కడ తీసుకున్నవీ గ్రేట్ డేన్ పిల్లలే. పాలు ఎక్కువ పోస్తే ఏమవుతుంది, గుడ్డు పెంకు పొడి సహజమే కదా అని మీలో కొందరు అడిగారు. సహజమైనా అదీ కాల్షియమే. పెద్ద జాతి పిల్లల కోసం చేసిన మేత ప్యాకెట్ పెడుతుంటే అందులో చాలినంత ఉంటుంది, పైన చుక్క కూడా వద్దు. అమెరికా మేత ప్రమాణాల్లో ఈ పిల్లలకు పై హద్దు పెట్టారు: తేమ తీసేసిన మేతలో 1.8 శాతం. ఒక్క మినహాయింపు ఉంది. పెరుగన్నం, ఎముకలేని చికెన్ మీదే పెంచేవాళ్ల పిల్లలకు నిజంగానే లోటు వస్తుంది. వాళ్లకు ఎంత ఇవ్వాలో డాక్టరు లెక్కకట్టి చెప్పాలి, షాపు కాదు.

తొందరగా ఎత్తు రావాలనే టెన్షన్ కూడా మానండి. ఎఫ్‌సీఐ (కుక్కల జాతులకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సమాఖ్య) ప్రమాణంలో మగదానికి కనీసం 80 సెంటీమీటర్లు, ఆడదానికి 72. తల్లిదండ్రుల్లో ఆ ఎత్తు ఉంటే నెమ్మదిగా పెంచినా వస్తుంది. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగిలేంత సన్నగా ఉంచండి. "ఏంటండీ, తిండి పెట్టట్లేదా" అని చుట్టాలు అంటారు, అననివ్వండి.

ఇక నిలబెట్టడం.

కుక్క మీకు ఎడమవైపు ఉంటుంది, రింగులో గడియారానికి ఎదురు దిశలో తిరుగుతారు కాబట్టి జడ్జికి దాని ఎడమ పక్క కనపడుతుంది. ఆగి కుక్క వైపు తిరగండి. కుడి చేత్తో లీడ్‌ను (మెడకు కట్టే తాడును) చెవుల వెనక, మెడ పైభాగంలో పట్టుకోండి. ఎడమ చేత్తో కాళ్లు సర్దండి. ముందుకాలిని మోచేతి దగ్గర పట్టి ఎత్తి పెట్టాలి, పాదం పట్టుకుంటే లాక్కుంటుంది. జడ్జి వైపున్న కాలు మొదట సర్దండి. ఎడమకాలు కదలాలంటే తలను కొంచెం కుడికి తిప్పండి, బరువు అటు పోయి కాలు తేలికవుతుంది. భుజాల ఎత్తు నుంచి ముందుకాళ్లు నిటారుగా దిగాలి. వెనకకాళ్లలో మడమ కీలు నుంచి పాదం దాకా ఉన్న భాగం నేలకు నిలువుగా ఉండాలి. బాగా వెనక్కి లాగితే నడుము పల్లం పడుతుంది.

నడుము మీద నొక్కకండి, కూర్చుంటుంది. ఆశపెట్టే తిండి ముక్కను దాని ముక్కు ఎత్తులోనే పట్టుకోండి, పైకెత్తితే అప్పుడూ కూర్చుంటుంది. "సిట్" ముందే నేర్పి మురిసిపోయినవాళ్లకు ఇది ఇంకో నెల పని. నేనైతే షో పిల్లకు ఏడాది వచ్చేదాకా సిట్ నేర్పను. ముక్క అంటే నా వరకు మేక కార్జమే. ఉడికించి, చిన్న ముక్కలు కోసి, పెనం మీద ఆరేలా వేయించి జేబులో వేసుకుంటాను. మా ఇంట్లో నా చొక్కాలు విడిగా ఉతుకుతారు.

గ్రానైట్, టైల్స్ మీద సాధన వద్దు. కాళ్లు జారి పిల్ల బెదురుతుంది, రోజూ జారితే పాదాలు విచ్చుకుంటాయి కూడా. పాత గోనెసంచి పరిస్తే చాలు.

సాధన: 21 రోజులు, రోజుకు రెండు సార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు. మొదటి వారం మూడు సెకన్లు నిలిస్తే ముక్క. మూడో వారానికి నలభై సెకన్లు. ఆ లోపు ఇంటికి కొత్తవాళ్లు పది మంది వచ్చి పిల్ల పెదవి ఎత్తి పళ్లు చూడాలి, వీపు నుంచి తోక దాకా తడమాలి. మగదైతే వృషణాలు రెండూ దిగాయో లేదో కూడా చూడాలి, రింగులో జడ్జి చూస్తారు. పది మందిని ఎక్కడి నుంచి తేవాలి అని అడక్కండి. పాలవాడు, వాచ్‌మన్, కొరియర్ అబ్బాయి, మీ తోడల్లుడు, ఎవరైనా సరే. ఒప్పుకున్న ప్రతివాళ్ల చేతిలో ముందు ఒక కార్జం ముక్క పెట్టండి. చివరి రోజు ఒక వీడియో పంపండి, పక్క నుంచి, మీ మోకాలి ఎత్తులో ఫోన్ పెట్టి తీసింది. పైనుంచి తీస్తే కాళ్లు నాకేమీ తెలియవు.