దసరాకు చిన్న కారు కొంటున్నారా? టెస్ట్ డ్రైవ్‌లో ఇవి చూడండి

• మీరు కొనబోయే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ ఉన్న బండినే నడపండి. షోరూమ్‌వాళ్లు తిప్పడానికి ఇచ్చేది చాలాసార్లు టాప్ మోడల్. ఎక్కువ పవర్ ఉండే టర్బో ఇంజిన్ నడిపి మామూలు 1.2 లీటర్ పెట్రోల్ బుక్ చేస్తే, తేడా డెలివరీ అయ్యాకే తెలుస్తుంది. లక్షల్లో వ్యవహారం, అందుకే ఇది తేలేదాకా అడ్వాన్స్ కట్టొద్దు.

• ఒక్కరే వెళ్లకండి, ఇంటిల్లిపాదినీ ఎక్కించండి. ఏసీ వేసి, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద సగంలో ఆపి మళ్లీ ఎక్కించండి. చిన్న ఇంజిన్ సత్తా, ఏఎంటీ (క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్) అయితే వెనక్కి జారే గుణం, అక్కడే బయటపడతాయి. అదే లోడుతో మీ వీధి స్పీడ్ బ్రేకర్ కూడా దాటించండి. కింద గీసుకున్న చప్పుడు వస్తే రోజూ అదే టెన్షన్.

• డ్రైవర్ సీటు మీకు సరిపోయేలా జరిపి, దాని వెనకే కూర్చోండి. మోకాళ్లు తగిలితే దూర ప్రయాణం కష్టం. అమ్మానాన్నలు ఎక్కి దిగడం తప్పకుండా చూడాలి, బ్రోషర్‌లో ఇది కనిపించదు.

• సీఎన్‌జీ అయితే డిక్కీ తెరవండి. సిలిండర్ పోగా పెద్ద సూట్‌కేసు పట్టకపోవచ్చు.

• వీలైతే చీకటి పడ్డాక మరోసారి నడపండి. హెడ్‌లైట్ల వెలుగు పగలు తెలియదు.