రెండిళ్ల మధ్య తిరిగే పిల్లలు, ఫోన్ శిక్షలు

అమ్మానాన్నలు విడిగా ఉంటున్నప్పుడు బిడ్డ చేతిలో ఫోన్ రెండు పనులు చేస్తుంది. ఒకటి ఆటలు, వీడియోలు. రెండోది దగ్గర లేని నాన్నతోనో అమ్మతోనో మాట్లాడటం. "వారం రోజులు ఫోన్ బంద్" అంటే రెండూ పోతాయి. అవతలివాళ్లు "నా బిడ్డతో మాట్లాడనివ్వట్లేదు" అనే అనుకుంటారు, రేపు అదే కేసు కాగితాల్లోకి ఎక్కుతుంది. 2020లో సుప్రీంకోర్టు ఒక కస్టడీ కేసులో, బిడ్డ తన దగ్గర లేని తల్లికి లేదా తండ్రికి రోజూ 5–10 నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలని చెప్పింది. మీ కోర్టు ఆర్డరులో కాల్ టైం రాసి ఉంటే దాని జోలికి వెళ్లొద్దు.

అందుకే కాల్‌ని ఆట నుంచి విడదీయండి. రాత్రి 7:30 లాంటి ఒక టైం పెట్టి, వీలైతే పెద్దవాళ్ల ఫోన్ నుంచి చేయించండి. శిక్ష నడుస్తున్నా ఆ కాల్ ఆగకూడదు.

ఎంతసేపు చూడాలన్నదాని మీద వాదన వస్తే పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ లెక్క పట్టుకోండి: రోజుకి 2–5 ఏళ్లకి గంటకి మించకుండా, 5–10 ఏళ్లకి 2 గంటల లోపు. మూడో మనిషి చెప్పిన అంకె కాబట్టి ఎవరూ ఓడినట్టు ఉండదు.

అన్ని రూల్సూ రెండిళ్లలో ఒకేలా ఉండటం జరగని పని. మూడు కలిస్తే చాలు: రాత్రి 9కి ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి, అన్నం దగ్గర ఫోన్ లేదు, గేముల్లో డబ్బు అడగకుండా కట్టకూడదు. మిగతాది ఎవరింటి పద్ధతి వాళ్లది. "నాన్న అయితే ఇస్తారు" అంటే "అక్కడ అక్కడి పద్ధతి, ఇక్కడ ఇక్కడిది" అని వదిలేయండి.

శిక్ష వేసిన ఇంట్లోనే పూర్తవ్వాలి. శనివారం నాన్న దగ్గరికి వెళ్లే బిడ్డకి శుక్రవారం రాత్రి వారం శిక్ష వేస్తే, దాన్ని అక్కడ ఎవరూ నడపరు. ఆ సందు బిడ్డకి రెండోసారికే దొరికిపోతుంది. ఒక పూట, మహా అయితే ఒక రోజు. డబ్బు పోవడం, ముక్కూమొహం తెలియనివాళ్లతో చాటింగ్ లాంటివైతేనే రెండిళ్లలో అమలు చేయాలి. అప్పుడు మెసేజ్ ఇలా ఉంటే చాలు: "బాబు నిన్న గేమ్‌లో 600 కట్టాడు. ఆదివారం దాకా గేమ్ ఆపాను. మీ దగ్గర కూడా ఆపగలరా? రాత్రి కాల్ మామూలే." పెంపకం గురించి ఒక్క ముక్క కూడా వద్దు. ఈ కబురు బిడ్డతో మాత్రం పంపకండి.

గూగుల్ ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్ టైంని పెద్దవాళ్లు అదుపులో పెట్టే యాప్) వాడితే బిడ్డకి ఒకటే అకౌంటు ఉంచండి. ఫ్యామిలీ గ్రూపు మొదలుపెట్టినవాళ్లు రెండోవాళ్లని చేర్చి పేరెంట్ అనుమతి ఇస్తే ఇద్దరూ టైం మార్చగలరు. ఎక్కువగా తప్పేది ఇక్కడ: రోజు పరిమితి ఒక్కో పరికరానికి విడిగా లెక్కపడుతుంది. గంట పెడితే అమ్మ ఫోన్‌లో గంట, నాన్న కొన్న ట్యాబ్‌లో ఇంకో గంట. ఒకే పరికరం బ్యాగులో తిరగనివ్వండి, లేదా చెరో అరగంట పెట్టండి. వీడియో కాల్ యాప్‌ని టైం అయ్యాకా తెరుచుకునే జాబితాలో చేర్చకపోతే రాత్రి కాల్ వెళ్లదు.

లొకేషన్ సంగతి వేరు. ఈ యాప్‌లో బిడ్డ ఫోన్ ఎక్కడుందో అవతలివాళ్లకి కనబడితే మీరెక్కడున్నారో కూడా తెలిసిపోతుంది. వేధింపులు పడలేక బయటికి వచ్చినవాళ్లు అవతలివాళ్లకి పేరెంట్ అనుమతి ఇవ్వకుండా, లొకేషన్ ఆపేసి, కాల్ మాత్రం వేరే ఫోన్ నుంచి చేయించడం మేలు.

ఇక బిడ్డ తాతయ్య ఫోన్ తీసుకుంటే ఏ యాప్ ఆపదు. దాని పిన్ మార్చాల్సిందే.