ఇంట్ల ఒకరికి టీబీ వస్తే మిగతావాళ్ళని ఎట్ల చెక్ చేయించాలె

టీబీ అని రిపోర్ట్ రాంగనే అందరి ధ్యాస పేషెంట్ గోలీల మీదనే ఉంటది. మంచిదే, కానీ ఆ మనిషి మందు మొదలువెట్టకముందు నెలల తరబడి ఎవరి పక్కన పండుకున్నడో, ఎవరితోని ఒకే రూంల కూసున్నడో వాళ్ళ సంగతి చాలాసార్లు ఆడికే ఆగిపోతది. బస్తీలల్ల ఈ పని చేసే ఆశాలకు, వాలంటీర్లకు, ఇంట్లవాళ్ళకు కూడా పనికొస్తదని రాస్తున్న.

ముందు లిస్టు. "ఇంట్ల ఎంతమంది ఉంటరు" అని అడిగితే రేషన్ కార్డుల పేర్లు చెప్పి ఊకుంటరు, అందుకే గట్ల అడగొద్దు.
"నలుగురమే అన్నా."
"మరి ఈ మంచం మీద ఎవరు పంటరక్కా?"
"రాత్రి ఆయన పంటడు. మా తమ్ముడు సెక్యూరిటీల నైట్ డ్యూటీ, పొద్దున ఎనిమిదికి వచ్చి ఈడనే పంటడు."
అట్ల ఐదో మనిషి బయటపడ్డడు, అదే మంచం, అదే కిటికీ లేని రూం. మందు మొదలువెట్టకముందు మూడు నెలల్ల ఒక్క రాత్రైనా ఒకే చోట పండుకున్నోళ్ళు, పగలు ఎక్కువసేపు మూసి ఉన్న జాగల కలిసి ఉన్నోళ్ళు, అందరు లిస్టుల ఉండాలె. అమీర్‌పేట హాస్టల్ల నాలుగు బెడ్ల రూం అయితే మిగతా ముగ్గురు, పాతబస్తీల జర్దోజీ కార్ఖానా అయితే అదే మగ్గం చుట్టూ పొద్దంతా కూసునేటోళ్ళు, దవాఖానకని ఊరి నుంచి వచ్చి నెల ఉండి పోయిన నాయనమ్మ కూడా (ఊరు పేరు, ఫోన్ నంబర్ రాసుకొని అక్కడి ఆశాకు చెప్పాలె). బస్సుల ఒకసారి పక్కన కూసున్నోడు, చేయి కలిపినోడు అక్కర్లేదు. కంచం, గ్లాసు వేరు చేసి పెట్టుడు అసలే అక్కర్లేదు, టీబీ గాలిల పోతది, పళ్ళెంల కాదు.

కార్ఖానాకో హాస్టల్‌కో పోయేముందు పేషెంట్‌ని అడగాలె, ఆయన ఒప్పుకోకపోతే ఆయన పేరు రాకుండ అందరికి దగ్గు చెకప్ అని పెట్టుకోవాలె. పేరు బయటికొస్తే రూం ఖాళీ చెయ్యమంటరు, పని పోతది, ఇంక తర్వాత ఎవడు మనకు నిజం చెప్తడు?

ఇంక అడిగే ప్రశ్నలు నాలుగే: దగ్గు ఉందా, జ్వరం వస్తుందా, బరువు తగ్గిన్రా, రాత్రిపూట చెమటలు పడుతున్నయా. ఒక్కటున్నా తెమడ పరీక్ష, ఎక్స్‌రే. ఏం లేకపోయినా ఎక్స్‌రే వీలైతే తీయించాలె, ఎందుకంటే 2019-21ల దేశమంతా చేసిన టీబీ సర్వేల దొరికిన కేసుల్ల దాదాపు 43 శాతం ఎక్స్‌రే లేకుంటే దొరకకపోయేవే. ఎక్స్‌రే అనంగనే ఎర్రగడ్డకు పంపుతరా అని భయపడతరు, ఛాతీ దవాఖాన, మెంటల్ దవాఖాన రెండూ ఆడనే కదా, ఆ పేరుకే సగం మంది వెనక్కిపోతరు. దగ్గర్ల ఉన్న సర్కారు దవాఖానలనే కొన్నిట్ల ఎక్స్‌రే ఉంటది, బస్తీ దవాఖానల అడిగితే ఏడికి పోవాలో చెప్తరు.

తెమడ సంగతి జర వివరంగ చెప్పాలె, సగం డబ్బాలల్ల ఉమ్మే వస్తది. పొద్దుగాల లేవంగనే ఉత్త నీళ్ళతోని నోరు పుక్కిలించి, బయట గాలి ఆడే జాగల నిలవడి, రెండు మూడుసార్లు గట్టిగ ఊపిరి పీల్చి లోపలి నుంచి దగ్గాలె, చిక్కగ వచ్చిందే డబ్బాల వెయ్యాలె, మూత గట్టిగ బిగించి అదే రోజు ఇచ్చెయ్యాలె. తెమడల టీబీ క్రిమిని మిషన్ల పట్టే ట్రూనాట్ గానీ సీబీనాట్ గానీ పరీక్ష చేస్తే, టీబీకి ఇచ్చే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తదా లేదా అనేది కూడా దాంట్లనే తెలుస్తది. చిన్నపిల్లలకు తెమడ రాదు, బరువు పెరుగుతలేడు, ఆటల హుషారు లేదు అంటే డాక్టర్ దగ్గరికి తీసుకపోవాలె. పిల్లగానికే టీబీ అని తేలితే లెక్క తిరగేయాలె, వానికి అంటించిన పెద్దమనిషి ఇంట్లనో చుట్టుపక్కలనో ఉండి ఉంటడు.

అన్నిటికంటే కష్టమైంది, టీబీ లేదని తేలినోళ్ళకు మందు మింగించుడు. "నాకేం లేదని మీరే అంటిరి, మళ్ళ గోలీలెందుకు" అంటరు, వాళ్ళు అడిగేది న్యాయమే. క్రిమి లోపల నిద్రపోతుండొచ్చు, అది లేచే అవకాశం మొదటి రెండేళ్ళల్లనే ఎక్కువ, అందుకే ఊపిరితిత్తుల టీబీ ఉన్నోళ్ళ ఇంట్లవాళ్ళకు ముందుజాగ్రత్త మందు ఇస్తరు. ఐదేళ్ళ లోపు పిల్లలకు, హెచ్ఐవీ ఉన్నోళ్ళకు క్రిమి ఒంట్ల ఉందా అని చూసే స్కిన్ టెస్ట్ కోసం ఆగే పని లేదు. కానీ టీబీ లేదని గట్టిగ తేల్చుకున్నాకే మొదలువెట్టాలె, ఉన్నోనికి ఈ మందొక్కటే ఇస్తే క్రిమి మందుకు లొంగకుండ తయారైతది. ఐసోనియాజిడ్ రోజూ 6 నెలలు, లేకపోతే ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి 12 వారాలు. వారంది అయితే మూత్రం నారింజ రంగుల వస్తది, ముందే చెప్పకపోతే పరేషాన్ అయ్యి బంద్ చేస్తరు. గర్భం రాకుండ గోలీలు వాడే ఆడవాళ్ళు డాక్టర్‌కి చెప్పాలె, ఆ గోలీలు దీంతోని సరిగ పనిచెయ్యవు. కండ్లు పచ్చగైతే, ఆగకుండ వాంతులైతే మందు ఆపి వెంటనే దవాఖానకు పోవాలె, తాగుడు అలవాటు ఉన్నోళ్ళను ఇంకా గట్టిగ కనిపెట్టాలె. పేషెంట్‌ది మందుకు లొంగని మొండి టీబీ అయితే ఈ మందులు కావు, వేరే ఉంటయి, డాక్టరే రాయాలె.

పేషెంట్ ప్రైవేట్ల చూపించుకున్నా ఇదంతా వర్తిస్తది. 2012 నుంచి ప్రైవేట్ డాక్టర్లు కూడా కేసు సర్కారుకు చెప్పాల్సిందే, కాబట్టి నిక్షయ్ ఐడీ (సర్కారు టీబీ రికార్డుల పేషెంట్ నంబర్) అడిగి తీసుకోండ్రి. పేషెంట్‌కి తిండి ఖర్చుకు నెలకు వెయ్యి రూపాయలు కూడా దాని మీదనే వస్తయి. ఎటు పోవాలో తెలువకపోతే 1800-11-6666కి ఫోన్ చెయ్యుండ్రి, పైసలు పడవు.