అమ్మానాన్నల మకాం బాసెల్‌లోనా, లూసెర్న్‌లోనా?

జర్మనీలో ఉండే మా స్నేహితులు అమ్మానాన్నల్ని రప్పించుకున్నప్పుడల్లా నాకు ఫోన్ చేస్తారు. "స్విట్జర్లాండ్ నాలుగు రోజులు చూపిద్దామనుకుంటున్నాం. లూసెర్న్‌లో గది తీసుకోమంటావా? మీ బాసెల్‌లో ఏముందిలే, రేవూ ఫ్యాక్టరీలూ తప్ప!" గది బాసెల్‌లోనే తీసుకోండి, లూసెర్న్‌కి పొద్దున వెళ్లి సాయంత్రం రండి అంటాను.

ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. లూసెర్న్‌లో సరస్సుకు ఎదురుగా గది, మూడు రాత్రులకు ముందే డబ్బు కట్టేశాను. మూడు రోజులూ ముసురే. కొండల సంగతి సరే, అవతలి ఒడ్డే కనపడలేదు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, "ఈ మంచు సంక్రాంతికి మన ఊళ్లోనూ పడుతుంది కదరా" అంది.

సరస్సు ఊరి అందమంతా ఆకాశం చేతిలో ఉంటుంది. బాసెల్ లాంటి నది ఊరికి ఆ బాధ లేదు, వానలోనూ దాని పని అది చేసుకుంటుంది. అందుకని లూసెర్న్ ఏ రోజన్నది ముందే ఖాయం చేయకండి. పొద్దున లేవగానే లూసెర్న్ దగ్గరున్న రిగి కొండ మీది వెబ్‌క్యామ్ చూడండి. శిఖరం కనిపిస్తే బయల్దేరడమే. చలికాలంలో కింద ఊరంతా మంచులో మునిగి ఉన్నా, 1,798 మీటర్ల ఎత్తున పైన ఎండ కాస్తుండొచ్చు. కాబట్టి నమ్మాల్సింది కిటికీని కాదు, వెబ్‌క్యామ్‌ని.

బాసెల్ నుంచి రైలు గంట పైచిలుకు. లూసెర్న్ స్టేషన్ దాటి రోడ్డవతలికి వెళ్తే పడవల రేవు. విట్స్‌నావుకి పడవలో దాదాపు గంట, అక్కణ్ణించి పళ్ల చక్రాల రైల్లో అరగంటకు రిగి శిఖరం. 1871లో మొదలైన ఈ రైలు యూరప్‌లో మొట్టమొదటి పళ్ల చక్రాల కొండ రైలు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఆ ఎత్తుకు ఎక్కిందంటే దాని పుణ్యమే. హాఫ్ ఫేర్ కార్డు తీసుకుంటే రైలుకీ, పడవకీ, కొండ రైలుకీ సగం ధరే. పడవలో పై అంతస్తు ఫస్ట్ క్లాసు. తెలియక పెరుగన్నం డబ్బాతో సహా అక్కడ సర్దుకుంటే మర్యాదగానే కిందికి పంపారు. లూసెర్న్‌లోని పాత చెక్క వంతెన తిరిగొచ్చాక చూడొచ్చు. 1993లో చాలా భాగం కాలిపోతే మళ్లీ కట్టారు.

మబ్బు పట్టిన రోజులు బాసెల్‌వి. హోటల్లో దిగితే బాసెల్ కార్డ్ ఇస్తారు, ఊళ్లో ట్రాములూ బస్సులూ ఉచితం. మ్యూజియాలకు తీసుకెళ్లొచ్చు గానీ, నాన్న ధవళేశ్వరం లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని బొమ్మల ముందు నిలబెట్టి లాభం లేదని 3వ నంబరు ట్రాములో బిర్స్‌ఫెల్డెన్ లాకుల దగ్గరికి తీసుకెళ్లాను. తలుపులు మూసుకోవడం, నీళ్లు నిండడం, సరుకు పడవ మెల్లగా పైకి లేవడం... ఆయన గంటన్నర కదల్లేదు. "మన దగ్గర చేత్తో తిప్పేవాళ్లం" అని మాత్రం అన్నారు.

బాసెల్‌లో రైన్ నది మీద నాలుగు చోట్ల రేవు దాటించే చెక్క పడవలున్నాయి. మోటారుండదు. నదికి అడ్డంగా తీగ, దానికి పడవ కట్టిన తాడు. చుక్కాని తిప్పి పడవను వాలుగా పెడితే ప్రవాహమే అవతలికి నెడుతుంది. చిల్లర దగ్గర పెట్టుకోండి. నదికి వరదొస్తే ఈ పడవలు ఆపేస్తారు, అది ఒక్కటి చూసుకోండి.

కొత్తగా పెళ్లయినవాళ్లకు ఈ సలహా వర్తించదు. వాళ్లు లూసెర్న్‌లోనే ఉండాలి, ముసురైనా వాళ్లకేం నష్టం లేదు. జూన్‌లో ఆర్ట్ బాసెల్ అనే కళా ప్రదర్శన జరిగే రోజుల్లో వచ్చేవాళ్లూ ఒకటికి రెండుసార్లు లెక్క వేసుకోండి, గది ధరలు మండిపోతాయి. ఆదివారం రెండు ఊళ్లలోనూ కొట్లు మూసేస్తారు. పాలూ పెరుగూ కావాలంటే స్టేషన్‌లో ఉన్న కొట్లే దిక్కు.

ఆఖరి సాయంత్రానికి 8వ నంబరు ట్రాము ఎక్కి రేవు వైపు వెళ్లండి. క్రేన్లూ కంటైనర్లూ దాటాక ట్రాము అలాగే జర్మనీలోకి పోతుంది. అక్కడ వైల్ అనే ఊళ్లో దిగి, కాలినడక వంతెన మీద రైన్ దాటితే ఫ్రాన్స్. పాస్‌పోర్టులు హోటల్లో వదిలి రాకండి.