పోటు వేళ చూసి బోటు మాట్లాడుకోండి: వరంగల్ నుంచి కోనసీమ వెళ్లేవాళ్లకు సమస్యలు - పరిష్కారాలు

లక్నవరంలోనో పాకాలలోనో బోటెక్కి అలవాటైన మనకు నీళ్లంటే నిలకడగా ఉండేవే. పొద్దున పదింటికి రేవు దగ్గర ఎంత లోతు ఉందో, సాయంత్రం నాలుగింటికీ అంతే ఉంటుంది. కాళేశ్వరం దగ్గర గోదావరి పెరిగినా తగ్గినా దానికి వానలో, బ్యారేజీ గేట్లో కారణం. అదే గోదావరి ధవళేశ్వరం దాటి గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలుగా చీలిపోయాక కథ మారిపోతుంది. రోజుకు రెండుసార్లు సముద్రం నీరు పాయల్లోకి ఎక్కుతుంది, అది పోటు. రెండుసార్లు దిగిపోతుంది, అది పాటు. కోరంగి, యానాం, దిండి, అంతర్వేది వైపు వెళ్లి ఒక పూటకు చిన్న బోటు అద్దెకు తీసుకునే మన కుటుంబాలకు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ వేళ తప్పడమే. రైలు టికెట్, లాడ్జి రూము తర్వాత చూసుకోవచ్చు. ముందు నీటి వేళ కనుక్కోవాలి.

సమస్య: రేవుకు చేరాం, బోటు ఉంది, సరంగు (బోటు నడిపే మనిషి) ఉన్నాడు, కానీ ఇప్పుడు కుదరదంటున్నాడు

అందరికీ ముందు తగిలేది ఇదే. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లారి దిగి, టిఫిన్ చేసి, ఆటో మాట్లాడుకుని కోరంగి చేరతారు. తీరా చూస్తే కాలువలో నీళ్లకు బదులు నల్లటి బురద, దాని మీద పాకే పీతలు, మడ చెట్ల వేళ్లు కనిపిస్తాయి. పిల్లల మొహాలు వాడిపోతాయి. బోటువాడు కావాలనే ఏడిపిస్తున్నాడని పెద్దవాళ్లకు కోపం వస్తుంది.

కారణం: అది పాటు సమయం. మడ అడవుల సన్నటి కాలువల్లో నీరు తీసేస్తే బోటు అడుగు నేలను తాకుతుంది. ఒక పోటుకూ తర్వాతి పాటుకూ మధ్య ఆరు గంటల పైన పన్నెండు నిమిషాలు. అందుకే పోటు వేళ రోజురోజుకూ సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ పదింటికి నిండు పోటు ఉంటే రేపు పదకొండుకు కాస్త ముందు వస్తుంది. వారం తిరిగేసరికి అదే పదింటికి నిండు పాటు ఉంటుంది. పోయిన ఆదివారం పదింటికి వెళ్లిన చుట్టాలు "సూపర్‌గా ఉంది" అన్నారని మీరు ఈ ఆదివారం సరిగ్గా అదే టైముకు వెళితే బురదే మిగులుతుంది. వాళ్లు చెప్పిందీ నిజమే, మీరు చూసిందీ నిజమే.

పరిష్కారం: ముందు గోడ మీద క్యాలెండరులో తిథి చూడండి. ఒకే చోట ఒకే తిథికి పోటు దాదాపు ఒకే గడియారం వేళకు వస్తుంది. పక్షం రోజుల తర్వాత మళ్లీ అటూ ఇటూగా అదే వేళ. తేదీ ఖాయం చేసుకునేముందు బోటు మనిషికి ఫోన్ చేసి ఒకే ఒక ప్రశ్న అడగండి:

"అన్నా, వచ్చే ఆదివారం పోటు ఎన్నింటికి?"

"మధ్యాహ్నం రెండింటికి నిండుద్దండి. మీరు పన్నెండున్నరకల్లా రేవులో ఉండండి."

చాలామంది "పదింటికి వస్తం, బోటు పెట్టు" అంటారు. ఆయన అడ్వాన్స్ పోతుందేమోనని సరేనంటాడు. మన టైము మనం చెప్పడం కంటే ఆయన టైము ఆయన్ని చెప్పనివ్వడం మేలు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ తీరం వెంబడి పోటు, పాటు వేళల అంచనాలు ఇస్తుంది, అవి ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. కాకపోతే అందులో చెప్పేది తీరంలోని వేళ. ఏటి లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది. మీ రేవుకు ఎంత ఆలస్యమో సరంగుకే తెలుసు.

మడ కాలువల్లోకి పోటు నిండే ముందే ప్రవేశించి, నిండిన కాసేపటికి వెనక్కి తిరగాలి. నిండాక బయల్దేరితే తిరిగి వచ్చేసరికి నీరు తీసేస్తుంది.

రేవులో నిలబడ్డాక కూడా మీరే చూసుకోవచ్చు. సిమెంటు స్తంభం మీద నీటికి పైన తడి మరక ఉంటే నీరు తీస్తోంది. పొడి సిమెంటును నీరు తాకుతూ పైకి పోతుంటే ఎక్కుతోంది. గాలి పెద్దగా లేనప్పుడు లంగరు వేసిన పడవలనూ గమనించండి. వాటి ముక్కు ఎటు తిరిగి ఉంటే ప్రవాహం అటునుంచి వస్తున్నట్టు.

సమస్య: వెళ్లేటప్పుడు అరగంట, వచ్చేటప్పుడు గంట దాటింది, బిల్లు రెట్టింపు

ఇంజన్ బలహీనమనో, సరంగు కావాలని నెమ్మదిగా నడిపాడనో అనుకుంటారు. లెక్క చూడండి. బోటు వేగం గంటకు పది కిలోమీటర్లు, నీటి వేగం నాలుగు అనుకుందాం. నీరు పోయే వైపే వెళితే పద్నాలుగు, ఎదురెళితే ఆరు. ఏడు కిలోమీటర్ల దూరానికి వెళ్లేటప్పుడు ముప్పై నిమిషాలు, వచ్చేటప్పుడు డెబ్బై నిమిషాలు. పెట్రోలు కూడా ఆ లెక్కనే కాలుతుంది.

రెండు వైపులా నీరు మనకు సాయం చేసేలా బయల్దేరాలి. రేవు నుంచి సముద్రం వైపు వెళ్లాలంటే పాటు చివరి భాగంలో దిగి, పోటు మొదలయ్యాక వెనక్కి రావాలి. ఎగువకు వెళ్లాలంటే పోటుతో వెళ్లి పాటుతో రావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒడ్డున నీటిమట్టం పెరగడం మొదలైనా, నడి ఏట్లో ప్రవాహం కాసేపు సముద్రం వైపే లాగుతుండొచ్చు. కాబట్టి మట్టం పెరిగిందని అప్పుడే తొందరపెట్టకండి. బేరం గంటకు కాకుండా మొత్తం ట్రిప్పుకు మాట్లాడుకుంటే రెండు పక్షాలకూ గొడవ ఉండదు.

సమస్య: బోటు మేటెక్కి కదలడం లేదు

ఇసుక మేటలు ఏటా వరదకు చోటు మారుతుంటాయి. పోయిన సంవత్సరం దారి ఈ సంవత్సరం ఉండకపోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: నీరు ఎక్కుతోందా, తీస్తోందా?

ఎక్కుతుంటే టెన్షన్ వద్దు. ఇంజన్ ఆపి, ఉన్నచోటే కూర్చుంటే నీరే లేపుతుంది. తీస్తుంటే మాత్రం ప్రతి నిమిషమూ విలువైనదే, అయిదు నిమిషాలు తర్జనభర్జన పడితే కొన్ని గంటలు అక్కడే ఉండాల్సి వస్తుంది. వెంటనే ఇంజన్ ఆపి, ఫ్యాను (నీళ్లలో తిరిగి బోటును నెట్టే రెక్కలు) పైకెత్తాలి. లేకుంటే ఇసుకలో తిరిగి ఫ్యాను రెక్క పోతుంది, నీటితో చల్లబడే ఇంజన్ బురదను లోపలికి లాక్కుంటుంది. ముందు భాగం తగులుకుంటే మనుషులంతా వెనక్కి జరగాలి, ఒక పక్క తగులుకుంటే అవతలి పక్కకు. నిలబడకుండా, కూర్చునే జరగాలి. ఆ తర్వాత సరంగు గెడతో, అంటే పొడవాటి కర్రతో, వచ్చిన దారినే వెనక్కి నెడతాడు. ముందుకు నెట్టి దాటిద్దామనే సలహా ఎవరూ ఇవ్వకండి, ముందు ఇంకా లోతు తక్కువే ఉండొచ్చు.

గట్టి ఇసుక మీదైతే సరంగు చెబితే ఒకరిద్దరు దిగి తోయొచ్చు. మడ కాలువ బురదలో మాత్రం మనవాళ్లు దిగకూడదు. మోకాలి దాకా కూరుకుపోయిన కాలును బయటికి లాగడం పెద్దవాళ్లకే కష్టం, పైగా మడ చెట్ల వేళ్లకు అంటుకున్న గవ్వలు కత్తిలా కోస్తాయి. నీరు మరీ తీసేసి ఇక కదలదని తేలితే, నీడ చేసుకుని మళ్లీ పోటు వచ్చేదాకా ఆగడమే దారి. అందుకే రెండు గంటల ట్రిప్పుకైనా పూట గడిచేంత మంచినీళ్లు వెంట ఉండాలి. చుట్టూ ఉన్నవి ఉప్పునీళ్లు, గొంతు తడుపుకోవడానికి పనికిరావు.

సమస్య: మేట మీద దిగి ఫొటోలు తీసుకుంటుంటే చోటు తగ్గిపోతోంది

పాటులో తేలిన ఇసుక దిబ్బ పోటులో మునిగిపోతుంది. నీరు ముందు నుంచి మాత్రమే కాదు, వెనక ఉన్న పల్లం నుంచి కూడా చుట్టుకొస్తుంది. మనకూ ఒడ్డుకూ మధ్య పాయ ఏర్పడ్డాక గానీ తెలియదు. దిగగానే నీటి అంచున ఒక కర్ర పాతి, దాన్ని చూస్తూ ఉండేందుకు ఒకరిని పెట్టండి. కర్ర చుట్టూ నీరు చేరితే అందరూ బోటెక్కాలి. బోటు దగ్గర సరంగు ఉండాల్సిందే, ఆయన్ని ఫొటోలు తీయమని తీసుకుపోకండి.

సమస్య: మధ్యాహ్నం అయ్యేసరికి అలలు లేచి నీళ్లు లోపలికి చిమ్ముతున్నాయి

పగలు నేల వేడెక్కాక సముద్రం నుంచి గాలి తిరుగుతుంది. అదే సమయంలో పాటు నీరు సముద్రం వైపు పోతుంటే గాలి, నీరు ఎదురెదురుగా ఢీకొని పొట్టి, నిటారు అలలు లేస్తాయి. అంతర్వేది లాంటి చోట మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గరికి పోయేకొద్దీ ఇది ఎక్కువ. చిన్న బోటుతో మొగ దాకా వెళ్లాలని పట్టుబట్టకండి. అలలు మొదలైతే అందరూ కిందికి కూర్చోవాలి, వేగం తగ్గించాలి, అలకు అడ్డంగా తిరగకుండా ఒడ్డు చాటుకు చేరాలి. పిల్లలు, ముసలివాళ్లు వెంట ఉంటే అష్టమి, నవమి దగ్గరి రోజులు ఎంచుకోండి. అమావాస్య, పున్నమి తర్వాత ఒకటి రెండు రోజులు ఈ తీరంలో పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది, లాగుడు కూడా బలంగా ఉంటుంది. అష్టమి వైపు ఆ తేడా బాగా తగ్గి నీరు నెమ్మదిగా నడుస్తుంది.

సమస్య: ఇంజన్ ఆగిపోయింది

ఇది సరంగు పని. మీకు తెలిసుంటే మంచిది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. స్టార్ట్ అయి కొద్ది నిమిషాలకు ఆగితే పెట్రోలు ట్యాంకు మూత మీది గాలి మర మూసి ఉందేమో చూడాలి. అసలు స్టార్టే కాకపోతే కిల్ స్విచ్ (ఇంజన్‌ను ఆపేసే మీట) తాడు ఊడిందేమో చూడాలి. ఇంజన్ అరుస్తున్నా బోటు కదలకపోతే ఫ్యానుకు వల ముక్కో గుర్రపు డెక్కో చుట్టుకుని ఉంటుంది, ఇంజన్ ఆపాకే చెయ్యి పెట్టాలి. వెనక నుంచి వచ్చే సన్నటి నీటి ధార ఆగిపోతే ఇంజన్ వేడెక్కబోతోంది, వెంటనే ఆపాలి. ఏదైనా సరే, ముందు లంగరు వేయమనండి. బాగుచేసే లోపల పాటు బోటును మొగ వైపు లాక్కుపోతుంది. బోటెక్కేటప్పుడే లంగరు, మోకు, గెడ, తెడ్డు ఉన్నాయో లేదో కళ్లతో చూడండి.

సమస్య: లైఫ్ జాకెట్లు తక్కువున్నాయి, "ఏం కాదండి, ఎక్కండి" అంటున్నారు

ఎక్కకండి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు కాజీపేట పక్కనున్న కడిపికొండ వాళ్లు అందులో ఉన్నారు. వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. అక్కడ పోటు లేదు, గోదావరి వరద మీద ఉంది. నీళ్లలో పడ్డ మనిషికి మాత్రం ఎక్కడైనా జాకెట్టే ఆధారం. బోటుకు ఎంతమందికి అనుమతి ఉందో అడగండి. జాకెట్టు వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, చెవుల దాకా లేస్తే అది వదులు. పిల్లలకు పిల్లల సైజే కావాలి, పెద్దది తొడిగితే జారిపోతుంది. ఉక్కగా ఉందని నడి ఏట్లో బకిల్ తీయనివ్వకండి.

సమస్య: అన్నీ బుక్ చేసుకున్నాక వాన పడింది

జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఎగువ నుంచి వరద వస్తే పోటు, పాటు లెక్కలు పనిచేయవు, నీరు రోజంతా సముద్రం వైపే తోస్తుంది. మన దగ్గర దీనికి మంచి ఆనవాలు ఉంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్లే తర్వాత ధవళేశ్వరం చేరతాయి, అక్కడ పది లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. టీవీలో భద్రాచలం 43 అడుగులని వినపడితే ప్రయాణం ఆపేయండి. హెచ్చరిక లేకపోయినా నీరు ఎర్రగా, చెత్తతో వస్తోందని సరంగు చెబితే ఆ మాట చాలు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే "వరదొస్తే డబ్బు తిరిగిస్తావా, ఇంకో తేదీ ఇస్తావా" అని తేల్చుకుని, ఆయన చెప్పింది వాట్సాప్‌లో రాయించుకోండి.